శబ్దాన్ని పట్టే కుచ్చిళ్లు

చాలా ఫంక్షన్ హాళ్లలో మైకు పట్టుకుని ఎంత గట్టిగా మాట్లాడినా ఒక్క ముక్క అర్థం కాదు. గ్రానైట్ నేల, అద్దాలు, నున్నటి గోడలు శబ్దాన్ని తిప్పికొడుతూనే ఉంటాయి. ఒక మాట ఇంకా మోగుతుండగానే తర్వాతి మాట వచ్చి దాని మీద పడుతుంది.

బెర్లిన్ దగ్గర బెర్నౌలో 1928-30 మధ్య కార్మిక సంఘాల కోసం కట్టిన శిక్షణా పాఠశాల సభామందిరానికీ ఇదే తలనొప్పి. దాని ఆర్కిటెక్ట్ హన్నెస్ మేయర్, బౌహౌస్ అనే జర్మన్ కళా, డిజైన్ విద్యాసంస్థకు అప్పటి డైరెక్టర్. విరుగుడు మాత్రం బౌహౌస్‌లోని నేతశాల నుంచే వచ్చింది. ఆని ఆల్బర్స్ అనే విద్యార్థిని ఆ గోడల కోసం ఒక బట్ట నేసి ఇచ్చారు. నిజానికి ఆవిడకు గాజు పని నేర్చుకోవాలని ఉండేది. కానీ అక్కడ అమ్మాయిలను ఎక్కువగా మగ్గం వైపే పంపేవారు. అన్యాయమే, కానీ ఆ హాలుకు మాత్రం కలిసొచ్చింది.

ఆ బట్టకు ముందువైపు గాజు కాగితంలా మెరిసే సెల్లోఫేన్ పోగు. అది వెలుతురును తిరిగి గదిలోకి పంపుతుంది. వెనకవైపు నూగు నూగుగా ఉండే షెనీల్. అది శబ్దాన్ని పీల్చుకుంటుంది. ముదురు రంగు మఖ్మల్ వేలాడదీసినా మోత తగ్గేదేమో గానీ, గది చీకటి గుయ్యారమయ్యేది. 1930లో ఆవిడకు డిప్లొమా తెచ్చిపెట్టింది ఈ బట్టే.

పీల్చుకోవడమంటే ఏమిటి? శబ్దం వచ్చినప్పుడు గాలి ముందుకూ వెనక్కీ ఊగుతుంది. పోగుల మధ్య సన్నటి సందుల్లో అలా ఊగేటప్పుడు రాపిడి పుట్టి, శబ్దశక్తిలో కొంత వేడిగా మారిపోతుంది. అందుకే బట్టలోంచి గాలి ఆడాలి. ప్లాస్టిక్ పూత పూసేస్తే ఈ పని సరిగా జరగదు.

ఇక దర్జీ పనితనం. గోడను ఆనుకుని ఉన్న గాలికి కదిలే చోటుండదు. ఊపు బాగా ఉండేది గోడకు పావు తరంగదైర్ఘ్యం దూరంలో, అంటే ఒక ధ్వని తరంగం పొడవులో నాలుగో వంతు దూరంలో. 500 హెర్ట్జ్ (సెకనుకు 500 సార్లు ఊగే) ధ్వనికి అది సుమారు 17 సెంటీమీటర్లు, అంటే జానెడుకు కాస్త తక్కువ. గోడకు అంటించిన బట్టే అంత ఎడంగా కడితే ఎక్కువ పని చేస్తుంది. గోడ వెడల్పుకు రెండింతల బట్ట తీసుకుని చీరకు పెట్టినట్టు కుచ్చిళ్లు పెడితే ఇంకా మేలు. బట్ట పెరుగుతుంది, మడతల్లో ఒక్కో భాగం గోడకు ఒక్కో దూరంలో ఉంటుంది. బట్ట ఆదా చేద్దామని కర్టెన్‌ను సాపుగా కుట్టించేవాళ్లు పోగొట్టుకునేది ఇదే.

డీజే బేస్‌కు మాత్రం ఇది మందు కాదు. 100 హెర్ట్జ్‌ను పట్టాలంటే 85 సెంటీమీటర్ల ఎడం కావాలి, అంత చోటు ఎవరు వదులుతారు? పైగా మామూలు కర్టెన్ గదిలోని మోతను తగ్గిస్తుందే గానీ, పక్కింటికి వెళ్లే గోలను ఆపలేదు.