మూడేళ్ల ప్రాక్టీసు నిబంధన: 2002లో ఎందుకు తీసేశారు, 2025లో ఎందుకు తెచ్చారు

లా కోర్సుల ప్రవేశ పరీక్షలైన లాసెట్, క్లాట్ కౌన్సెలింగ్‌లు వచ్చాయంటే ఇళ్లలో ఒకటే చర్చ. ఇంటర్ కాగానే ఐదేళ్ల లా కోర్సులో చేర్చాలా, డిగ్రీ అయ్యాక మూడేళ్ల ఎల్ఎల్‌బీ చేయించాలా? చాలామంది మనసులో ఉన్నది జూనియర్ సివిల్ జడ్జి ఉద్యోగం. ఆ పరీక్ష రాయాలంటే కనీసం మూడేళ్లు లాయర్‌గా ప్రాక్టీసు చేసి ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దాంతో పాత లెక్కలన్నీ తారుమారయ్యాయి. సీనియర్ లాయర్లలో చాలామంది ఇది సబబే అంటున్నారు. విద్యార్థులు మాత్రం మధ్యలో నిబంధన మార్చారని బాధపడుతున్నారు.

నిజానికి ఇది కొత్త నిబంధన కాదు. 1993లో అఖిల భారత న్యాయమూర్తుల సంఘం కేసులో కోర్టు పెట్టిందే. బెంగళూరు నేషనల్ లా స్కూల్ నుంచి ఐదేళ్ల కోర్సు తొలి బ్యాచ్ బయటికి వచ్చిందీ అదే ఏడాది.

అసలు మలుపు 2002 మార్చి 21. అదే కేసులో ఆ రోజు కోర్టు మూడేళ్ల షరతును తీసేసింది. కింది కోర్టుల జడ్జీల జీతాలు, సర్వీసు నిబంధనలను పరిశీలించిన జస్టిస్ జగన్నాథ శెట్టి కమిషన్ చెప్పిన కారణం సూటిగా ఉంది: చురుకైన కుర్రాళ్లు మూడేళ్లు ప్రాక్టీసులో కుదురుకున్నాక జడ్జి ఉద్యోగం వైపు చూడటం లేదు. కాబట్టి కాలేజీ నుంచి రాగానే తీసుకోవాలి. అయితే కోర్టు దాంతో పాటే ఇంకో మాట కూడా చెప్పింది. అలా ఎంపికైన వాళ్లకు కనీసం ఏడాది, వీలైతే రెండేళ్లు శిక్షణ ఇవ్వాలి. ఇప్పటి వాదనలో ఈ రెండో సగాన్ని ఎవరూ తలుచుకోవడం లేదు.

ఆ తీర్పుతోనే ఐదేళ్ల కోర్సుకు కొత్త ఆకర్షణ వచ్చింది. ఇంటర్ 17 ఏళ్లకు, లా 22 ఏళ్లకు పూర్తి చేసి, నేరుగా పరీక్ష రాయొచ్చు. ఫైనలియర్‌లోనే కోచింగ్‌కు వెళ్లడం మామూలైంది. పిల్లల్ని ఈ కోర్సులో చేర్చిన చాలామంది తల్లిదండ్రులు నమ్ముకున్నది ఈ దారినే.

2025లో ఎక్కువ హైకోర్టులు చెప్పింది వేరు. కోర్టు హాలు అనుభవం లేకుండా వచ్చిన వాళ్లతో ఇబ్బందులు వస్తున్నాయన్నాయి. పుస్తక జ్ఞానం, శిక్షణ ఆ అనుభవానికి సాటిరావని జస్టిస్ బి.ఆర్. గవాయ్ నేతృత్వంలోని ధర్మాసనం ఒప్పుకుంది. ఆ మాటలో నిజముంది. వాయిదా ఎలా అడగాలో, సాక్షి తడబడితే ఏం చేయాలో క్లాసులో పూర్తిగా రాదు. కానీ శిక్షణ ఎక్కడ ఎంత గట్టిగా జరిగిందన్నది ముందు తేల్చాల్సింది. తప్పంతా పిల్లలకు అనుభవం లేకపోవడం మీదకు నెట్టేశాం.

ఈ మూడేళ్లు ఎలా గడుస్తాయో జూనియర్లను అడగాలి. ఉదయాన్నే కాజ్ లిస్టు (ఆ రోజు విచారణకు వచ్చే కేసుల జాబితా) చూసుకుని, కేసు కట్టలు మోసుకుని, సీనియర్ వచ్చేదాకా బెంచ్ క్లర్క్‌ను పాస్ ఓవర్ (కేసును కాసేపాగి పిలవమని) అడుగుతూ నిలబడాలి. సాయంత్రం చాంబర్‌లో మళ్లీ పని. నగరాల్లో జూనియర్లకు నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సూచించింది. అది సిఫారసు మాత్రమే, తప్పనిసరి కాదు. ఊరి నుంచి వచ్చి హాస్టల్ అద్దె కట్టుకునే అమ్మాయి, ఇంట్లో లాయర్లు లేని అబ్బాయి ఆ మూడేళ్లు ఎవరి మీద ఆధారపడాలి?

కాలేజీ ఎంచుకునే వాళ్లు ఒక సంగతి గమనించాలి. ప్రాక్టీసును ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ (డిగ్రీ అయ్యాక బార్ కౌన్సిల్‌లో లాయర్‌గా తాత్కాలికంగా పేరు నమోదు) తేదీ నుంచే లెక్కిస్తారు. ఐదేళ్ల కోర్సులో 20 వారాలు, మూడేళ్ల కోర్సులో 12 వారాల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయినా, అందులో ఒక్క రోజూ ఈ లెక్కలోకి రాదు. న్యాయమూర్తుల దగ్గర లా క్లర్క్‌గా చేసిన పనిని మాత్రం కలుపుతారు. అనుభవానికి సర్టిఫికెట్ పదేళ్ల సీనియారిటీ ఉన్న లాయర్ ఇచ్చినా, దాన్ని జిల్లా ప్రధాన న్యాయాధికారి ధ్రువీకరించాలి. అందుకే పేరున్న క్యాంపస్ ఎంత అవసరమో, రోజూ వెళ్లగలిగే కోర్టు, పని నేర్పే సీనియర్ దొరికే ఊరు కూడా అంతే అవసరం.

తీర్పు నాటికే నియామక ప్రక్రియ మొదలైన చోట్ల ఈ షరతు వర్తించదని కోర్టు మినహాయించింది. అప్పటికే కోర్సు మధ్యలో ఉన్న విద్యార్థులకు ఆ మినహాయింపు ఇవ్వలేదు. 2002 తీర్పును నమ్మి 2021లో ఐదేళ్ల కోర్సులో చేరిన బ్యాచ్‌కు తీర్పు వచ్చేసరికి ఇంకో ఏడాది చదువు మిగిలే ఉంది.