కోడలికి కంప్యూటర్ వచ్చా అని మామగారిని అడిగితే

సాయంత్రం అమీర్‌పేట మైత్రీవనం దగ్గర నిలబడండి, కోచింగ్ సెంటర్ల మెట్లు దిగుతూ బోలెడు మంది అమ్మాయిలు కనిపిస్తారు. మరి టెక్నాలజీలో ఆడవాళ్లు ఎంతమంది అంటే తలా ఒక అంకె చెప్తారు. తప్పు చెప్తున్నారని కాదు, ఎవరి లెక్క వాళ్లది.

మొదట్లో లెక్కపెట్టింది సీట్లనే. ఎంసెట్‌లో మూడో వంతు సీట్లు అమ్మాయిలకు రిజర్వ్ చేశారు, 1997లో షేక్‌పేటలో నారాయణమ్మ మహిళా ఇంజినీరింగ్ కాలేజీ వచ్చింది, 1998 నవంబరులో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్‌ని అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. కాలేజీ రిజిస్టర్ తిరగేస్తే ఎంతమంది చేరారో తెలిసిపోయేది. చేరిన అమ్మాయి ఉద్యోగానికి వెళ్లిందా, పెళ్లయ్యాక కూడా వెళ్తోందా అన్నది మాత్రం ఏ రిజిస్టర్‌లోనూ ఉండేది కాదు.

2015లో ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు వచ్చాక లెక్క ఫోన్ మీదికి, ఇంటర్నెట్ మీదికి మళ్లింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడారా అని నేరుగా ఆడవాళ్లనే అడిగింది. దేశం మొత్తం మీద వాడామన్నవాళ్లు 33.3 శాతం, మగవాళ్లలో అదే 57.1. తెలంగాణ ఆడవాళ్లలో 26.5. హైటెక్ సిటీని నెత్తిన పెట్టుకుని ఊరేగే రాష్ట్రం దేశ సగటు కన్నా కింద ఉందన్నమాట.

తర్వాత నైపుణ్యాల లెక్క వచ్చింది. నాకు అసలు పేచీ ఇక్కడే. ఫైల్ కాపీ చేయడం, మెయిల్‌కి అటాచ్‌మెంట్ పెట్టడం, స్ప్రెడ్‌షీట్‌లో కూడికలు, ప్రెజెంటేషన్, ప్రోగ్రామ్ రాయడం లాంటి పనుల జాబితా ఒకటి పెట్టుకుని 2020-21లో జాతీయ నమూనా సర్వే ఇంటింటికీ వెళ్లింది. జాబితా పాతకాలపు ఆఫీసు బల్ల మీద పుట్టినట్టుంటుంది. మా వీధిలో బ్లౌజులు కుట్టే ఆవిడ వాట్సాప్‌లో డిజైన్లు పంపి ఆర్డర్లు తీసుకుంటుంది, డబ్బులు ఫోన్‌పేలో వేయించుకుంటుంది, అదే ఆవిడని స్ప్రెడ్‌షీట్ గురించి అడిగితే సున్నా. ఇంకో చిక్కు, ఈ సర్వేల్లో ఇంటి మనుషులందరి గురించీ చాలాసార్లు ఒక్కరే జవాబు చెప్తారు. తలుపు తీసింది మామగారైతే కోడలికి ఏం వచ్చో ఏం రాదో ఆయనే తేల్చేస్తారు. కోడలు బీటెక్ చేసిన సంగతి ఆయనకి గుర్తుంటుంది లెండి, పెళ్లిచూపుల్లో విన్నదేగా. ల్యాప్‌టాప్‌లో ఏం చేస్తుందో ఆయనెప్పుడు చూశారు?

ఉద్యోగాల వైపు లెక్క కంపెనీల చేతిలోనే ఉంది. ఐటీ పరిశ్రమ సంఘం నాస్కామ్ ఈ రంగం ఉద్యోగుల్లో 36 శాతం ఆడవాళ్లే అంటుంది. అందులో కొత్తగా చేరినవాళ్లూ ఉంటారు, మేనేజర్లూ ఉంటారు, లెక్కలో అందరూ ఒకటే.

కొంచెం పనికొచ్చే మార్పు స్టాక్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ నుంచి వచ్చింది. 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు ఉద్యోగుల్లో, బోర్డులో ఆడవాళ్లెందరో చెప్పాలి, పిల్లలు పుట్టినప్పుడు సెలవు పెట్టినవాళ్లు ఎందరు తిరిగొచ్చారో, వచ్చి ఏడాది నిలిచారో లేదో కూడా చెప్పాలి. ఇన్నాళ్లకి ఎవరో సరైన ప్రశ్న అడిగారు. కాకపోతే గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల్లో అద్దాల బిల్డింగులు నింపిన విదేశీ కంపెనీల సెంటర్లలో చాలావాటికి ఇక్కడ లిస్టింగ్ లేదు, అవి ఆ పట్టిక నింపక్కర్లేదు. నింపే కంపెనీల్లో కూడా, పిల్లాడిని ఎల్‌కేజీలో వేసే వేళకి రిజైన్ చేసిన అమ్మాయి ‘ఏడాది నిలిచింది’ గడిలోనే ఉంటుంది.