ఒడ్డు లేని లంగరు

బరంపురం నుంచి గోపాల్‌పూర్ పోయినప్పుడల్లా బోట్లు లోపలికి దిగడం చూస్తాను. మన తెలుగు జాలర్ల కష్టమంతా ఒడ్డు దగ్గరే. విరిగే కెరటాల వరసలు దాటితే ఆ తర్వాత సముద్రం ఊగుతుందే తప్ప మీద పడదు. నీటి లోతు కెరటం ఎత్తుకు దగ్గరపడే సరికి కింది భాగం వెనకబడుతుంది, పై భాగం ముందుకు దూకి కూలుతుంది.

ఒక తాతకు ఉత్తర మినర్వా ఫొటో చూపించాను. పసిఫిక్ సముద్రంలోని టోంగా దీవులకు నైరుతిలో, 400 కిలోమీటర్ల అవతల ఉన్న పగడపు దిబ్బ అది. 5 కిలోమీటర్లకు పైగా వెడల్పున్న వలయం, వాయవ్యాన ఒక్క దారి. న్యూజిలాండ్‌కు పోయే తెరచాప పడవలు మంచి వాతావరణం కోసం ఇక్కడ ఆగుతాయి. రాత్రంతా వంతులవారీగా కాపలా కాసినవాళ్లు ఇక్కడ అందరూ ఒకేసారి పడుకోవచ్చు.

"ఒడ్డు లేకుండా లంగరా బాబూ?" అన్నాడు తాత.

ఒడ్డు చేసే పని పగడం చేస్తుంది. అగాధం నుంచి నిటారుగా లేచిన గోడ కాబట్టి కెరటం దాని అంచునే విరిగిపోతుంది. మిగిలిన నీళ్లు గరుకు దిబ్బ మీద పాకుతూ బలం పోగొట్టుకుంటాయి. ఎన్నో దిబ్బల కొలతలను కలిపి చూసిన 2014 నాటి పరిశోధనలో, దిబ్బలు సగటున కెరటాల శక్తిలో 97 శాతం తగ్గిస్తాయని తేలింది. నన్ను కదిలించేది ఇంకొకటి: పగడం బాగా పెరిగేది కెరటం తగిలే ఆ అంచునే. తిండినీ ప్రాణవాయువునూ తెచ్చేది ఆ కెరటమే.

ఇలాంటి వలయాలు కుంగే అగ్నిపర్వతాల మీద పైకి పెరుగుతూ వచ్చాయని డార్విన్ 1842లో రాశాడు. 1952లో పసిఫిక్‌లోనే ఇలాంటి వలయమైన ఎనివెటాక్‌లో తవ్వితే, 1,200 మీటర్లకు పైగా సున్నపురాయి దాటాక లావా రాయి తగిలింది.

దారి తప్పితే ఇదే గోడ పడవను చీల్చేస్తుంది. 1962లో దీని పొరుగు దిబ్బ దక్షిణ మినర్వా మీద టోంగా పడవ ఒకటి పగిలింది. బతికినవాళ్లు అంతకుముందే అక్కడ చిక్కుకుపోయిన ఒక జపాన్ ఓడ శిథిలంలో దాదాపు మూడు నెలలు గడిపారు.

పోటు వేళ దిబ్బ మునుగుతుంది, అలలు లోపలికొచ్చి పడవ ఊగుతుంది. పాటు వచ్చాక నీళ్లు మళ్లీ సర్దుకుంటాయి. గాలికి మాత్రం ఎప్పుడూ అడ్డు లేదు, ఒక్క చెట్టయినా లేదు. తాత అడిగిందీ అదే: "అంత గాలికి లంగరు పడతాదా?"

పడుతుంది. లోపల అడుగున ఉన్నది పగడం నలిగి అయిన ఇసుక.