పొగ అంటే కాలని కట్టె

వానాకాలంలో మా అమ్మ పొయ్యి రాజేయడం చూడాలి. సింగరాయకొండ దగ్గర మా ఊళ్ళో, గ్యాస్ వచ్చి ఇన్నేళ్ళయినా పెరట్లో నీళ్ళ పొయ్యి అలాగే ఉంది. తడిసిన చిల్లకంప పెట్టి అగ్గిపుల్ల గీస్తే ముందు మంట రాదు, పొగే వస్తుంది. పసుపు కలిసిన తెలుపులో, చిక్కగా, నేలమీద పాకుతూ వస్తుంది. అమ్మ ముఖం పక్కకు తిప్పుకుని, ఇనుప గొట్టం అందుకుని ఊదుతుంది. రెండుసార్లు ఊదినా పొగే. మూడోసారికి ఉన్నట్టుండి భగ్గుమంటుంది. అప్పటిదాకా పెరడంతా కమ్ముకున్న పొగ ఒక్క క్షణంలో కనపడదు.

ఆ పొగ ఎటు పోయిందో చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు. అది ఎటూ పోలేదు, కాలిపోయింది.

కట్టె కాలుతోందని అంటాం గానీ, మనం చూసే మంటలో ఎక్కువ భాగం కట్టెది కాదు. వేడి తగిలితే కట్టెలోని నీరు ముందు ఆవిరవుతుంది. 200 డిగ్రీలు దాటాక కట్టె విరిగి వాయువులుగా, తారు తుంపరలుగా బయటికొస్తుంది. మన కళ్ళు మండించే పొగ అదే. కట్టెలోని శక్తిలో సగానికి పైగా అందులోనే ఉంటుంది. అది పూర్తిగా అంటుకోవాలంటే 600 డిగ్రీల దాకా వేడి ఉండాలి, సరిపడా గాలి తగలాలి. ఈ రెండిట్లో ఏది తక్కువైనా ఆ శక్తి పొగగానే వెళ్ళిపోతుంది. నమ్మకం కుదరకపోతే కొవ్వొత్తి ఆర్పి, పైకి లేచే తెల్లటి పొగకు అగ్గిపుల్ల చూపించండి. మంట పొగ వెంట కిందికి దిగి వత్తిని అంటిస్తుంది.

ఈ సంగతి నాకు బాగా తలకెక్కింది మాత్రం మా పెరట్లో కాదు, మా అన్న కొడుకు ఇంట్లో. వాడు అమెరికాలో మంచు కురిసే ఊళ్ళో పాత ఇల్లొకటి కొన్నాడు. ముందు గదిలో ఇటుకల ఫైర్‌ప్లేస్ ఉంది. డిసెంబరు రాత్రి కూడా 20 డిగ్రీల దగ్గరే ఆగిపోయే నెల్లూరు, ఒంగోలు వాళ్ళకు ఫైర్‌ప్లేస్ అంటే సినిమాల్లో చూడటమే. నేను వెళ్ళిన మొదటి రోజు వాడు సరదాగా మంట వేశాడు. ఎదురుగా కూర్చుంటే మోకాళ్ళు మాడుతున్నాయి, వీపు మాత్రం వణుకుతోంది. పక్క గదిలోకి వెళ్తే మంట వెయ్యక ముందుకన్నా చలిగా ఉంది!

కారణం పొగగొట్టం. వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంది, ఆ ఖాళీలోకి గదిలో గాలి వెళ్తుంది. కిలో కట్టె కాలడానికి లెక్క ప్రకారం నాలుగైదు ఘనపు మీటర్ల గాలి చాలు. నోరు తెరుచుకున్న ఫైర్‌ప్లేస్ మాత్రం గంటకు కొన్ని వందల ఘనపు మీటర్లు పీల్చేస్తుంది. అది కూడా హీటర్ పెట్టి వెచ్చబరుచుకున్న గాలి. దాని స్థానంలోకి తలుపు సందుల్లోంచి, కిటికీ సందుల్లోంచి బయటి చలిగాలి వస్తుంది. చివరికి కట్టెలోని వేడిలో గదికి దక్కేది పదో వంతు, కాస్త అటూ ఇటూ. మిగిలిందంతా ఆకాశానికే.

మరుసటి శీతాకాలం వెళ్ళేసరికి ఆ ఫైర్‌ప్లేస్ ముందు విడిగా నిలబడే ఇనుప స్టవ్ ఉంది. నాలుగు కాళ్ళు, ముందు గాజు తలుపు, గాలి తగ్గించడానికి, పెంచడానికి చిన్న మీట. అన్ని పక్కల నుంచీ వేడి గదిలోకే వస్తుంది. అందుకే కర్ర సామానుకు, కర్టెన్లకు మూడడుగులైనా దూరంగా పెట్టాలట. నన్ను కట్టిపడేసింది లోపలి పైభాగం. అక్కడ వరసగా రంధ్రాలున్న గొట్టాలు ఉన్నాయి. స్టవ్ గోడల వెంట తిరిగి బాగా వేడెక్కిన గాలి వాటిలోంచి వస్తుంది. కింద కట్టె మెల్లగా ఎర్రబడుతోంది. పైన రంధ్రాల దగ్గర మాత్రం గ్యాస్ బర్నర్‌కు ఉన్నట్టు మంటలు, కట్టెకు తగలకుండా గాల్లోనే వేలాడుతున్నాయి. కాలుతున్నది పొగే. అమ్మ మూడోసారి ఊదినప్పుడు జరిగేది ఇక్కడ మనిషి అవసరం లేకుండా, ఆగకుండా జరుగుతోంది. ఇలాంటి మంచి స్టవ్‌లు కట్టెలోని వేడిలో 70 శాతం దాకా ఇంటికి ఇస్తాయి.

వీడియో కాల్‌లో అమ్మకు చూపించాను. కాసేపు చూసి, "అయితే దాన్ని ఊదే పని లేదా?" అని అడిగింది. అంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు.

అయితే ఆ స్టవ్ విషయంలో మా అన్న కొడుకు రెండు తప్పులు చేశాడు. ఇల్లు పెద్దదని అవసరానికి మించిన స్టవ్ కొన్నాడు. గది ఉడికిపోతుంటే గాలి మీట దాదాపు మూసేసేవాడు. గాలి తగ్గితే మంట చల్లబడుతుంది, పొగ కాలదు. వారం తిరక్కుండానే గాజు నల్లబడింది. రెండోది, స్టవ్ గొట్టాన్ని తిన్నగా పాత ఇటుక చిమ్నీలోకి వదిలేశారు. ఫైర్‌ప్లేస్ కోసం కట్టిన ఆ వెడల్పు చిమ్నీలో, స్టవ్ వదిలే కాస్త పొగ పైకి వెళ్ళేలోగానే చల్లారిపోతుంది. చల్లారిన పొగలోని తారు గోడలకు జిగురులా పడుతుంది. మన పాత వంటిళ్ళలో వాసాలకు మెరుస్తూ పట్టే నల్లటి పొర ఉంటుందే, దానికి అన్న లాంటిది. ఎప్పుడో ఒకరోజు అది అంటుకుంటే చిమ్నీయే కొలిమి అవుతుంది.

"బాబాయ్, స్టవ్‌కు ఎంతయిందో గొట్టానికీ అంతే అయింది," అని వాపోయాడు. చిమ్నీ లోపల సన్నటి స్టీలు గొట్టం దింపించాక టెన్షన్ తగ్గింది. ఏడాదికోసారి తోమించడం మాత్రం తప్పదు, వాసన తెలియని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టే అలారం ఎలాగూ ఉండాలి.

గాలిని అదుపులో పెట్టాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1740లలోనే ఇనుప పొయ్యి చేశాడు. పొగ సరిగా లాగక అది అంతగా పనిచెయ్యలేదు. మన దగ్గర హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీస్‌లో డాక్టర్ ఎస్.పి. రాజు పొగగొట్టం ఉన్న మట్టి పొయ్యిని రూపొందించి, 1953లో దాని మీద పుస్తకమే వేశారు. 1980లలో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల పథకం పెట్టింది. ఎన్ని ఇళ్ళలో నిలిచాయంటే జవాబు అంత బాగుండదు. ఒడిశాలో ఇలాంటి పొయ్యిలు పంచి కొన్నేళ్ళు గమనిస్తే, మొదటి ఏడాది ఆడవాళ్ళు పీల్చే పొగ తగ్గింది, తర్వాత ఆ తేడా కనపడకుండా పోయింది. గొట్టం తోమేవాళ్ళు లేరు, పగిలితే మెత్తేవాళ్ళు లేరు. నాకైతే తప్పు ఆ ఇల్లాళ్ళదని అనిపించదు. వంట చేసే మనిషిని అడక్కుండా చేసిన పొయ్యికి ఆమె ఎందుకు కాపలా కాస్తుంది?

ఈ మాట నా అనుభవంతోనే అంటున్నాను. ఊరికి తిరిగొచ్చి నీళ్ళ పొయ్యిలో అడుగున ఇనుప జల్లెడ వేయించాను, కింద నుంచి గాలి తగిలేలా. నోరు కూడా చిన్నది చేయించాను. పొగ తగ్గిన మాట నిజం. నాలుగు రోజులకే అమ్మ, "మూర మూర ముక్కలు ఎవరు నరుకుతారు నాయనా, నువ్వుంటావా?" అంది. నోరు మళ్ళీ వెడల్పయింది. జల్లెడ మాత్రం ఉండనిచ్చింది.

కట్టెల విషయంలో కూడా నా మాట నెగ్గింది. అప్పుడే కొట్టిన కట్టె కిలోకు అర కిలో దాకా నీళ్ళే. ఆ అర కిలో నీటిని ఆవిరి చెయ్యడానికి అయ్యే వేడితో నాలుగు లీటర్ల పైచిలుకు నీళ్ళు మరిగించొచ్చు. అంటే స్నానానికి బక్కెట్లోకి రావాల్సిన వేడి కట్టెను ఆరబెట్టడానికి పోతోంది. ఈ లెక్క చెప్పాక అమ్మ ఏమీ అనలేదు. మర్నాడు సరుగుడు మొద్దులు తీయించి, గొడ్ల చావిడి చూరు కింద, నేలకు తగలకుండా రెండు రాళ్ళ మీద పేర్పించింది. కంప విడిగా ఎండలో పరిపించింది.

మొన్న ఫోన్ చేసినప్పుడు ఊదే గొట్టం సంగతి అడిగాను. పొయ్యి పక్కనే ఉందంది.