ఏనుగు దగ్గర కొలువు: అపోహలు – వాస్తవాలు

తిరుమల బ్రహ్మోత్సవాలు ముగిసిన వారం పది రోజులకు ఇద్దరు ముగ్గురు యువకులైనా నన్ను వెతుక్కుంటూ వస్తారు. మాడ వీధుల్లో వాహనసేవకు ముందు అలంకరణతో నడిచే ఏనుగులను, వాటి పక్కన నిబ్బరంగా సాగే మావటీలను చూసి వచ్చినవాళ్లే వారిలో ఎక్కువ. "అన్నా, ఏనుగుల దగ్గర పని దొరుకుతుందా?" అన్నది వాళ్ల మొదటి ప్రశ్న. దొరికితే చేయగలమా అన్న ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. పద్దెనిమిదేళ్లుగా ఈ పనిలో ఉన్నవాడిగా, వాళ్ల మాటల్లో నాకు తరచుగా వినిపించే అపోహలను, వాటికి నేను చెప్పే సమాధానాలను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: జంతువులంటే ప్రాణం పెట్టేవాడు ఈ పనికి సరిపోతాడు.

వాస్తవం: ప్రేమ అక్కరకు వస్తుంది గాని, రోజులో ఎక్కువ భాగం లద్దె ఎత్తడం, కడగడం, మేత మోయడంతోనే గడుస్తుంది. పెద్ద ఏనుగు రోజుకు సుమారు 150 కిలోల మేత తిని, 100 లీటర్లకు పైగా నీళ్లు తాగుతుంది. తిన్నదానిలో సగం కూడా ఒంటికి పట్టదు కాబట్టి మిగిలినదంతా మరునాడు ఉదయం మన పార చేతికే వస్తుంది. మర్రి, రావి కొమ్మలు, పచ్చగడ్డి, అరటి బోదెలు ఒక ఎత్తయితే, రాగిపిండిని, ఉలవలను ఉడికించి బెల్లం కలిపి ముద్దలు కట్టడం మరో ఎత్తు. మన చిత్తూరు వైపు సంగటి కెలికిన చెయ్యి ఉన్నవాడికి అందులో కొంత సులువు ఉంటుంది.

అయితే అసలు పని చూపుతో చేసేది. తెల్లవారుజామున శాలలోకి వెళ్లగానే నేను ముందు చూసేది ఏనుగు ముఖాన్ని కాదు, దాని డొక్కలను. ఏదో ఒక పక్క మట్టి అంటి, గడ్డిపరకలు అతుక్కుని ఉంటే రాత్రి పడుకుని లేచిందని అర్థం. ఏనుగు రోజుకు కొద్ది గంటలకు మించి నిద్రపోదు. ఆ కాస్త నిద్రకు కూడా నడుము వాల్చడం మానేసిందంటే, లేవలేనన్న భయంతోనే మానేసి ఉండవచ్చు, అంటే కీళ్లలోనో పాదాల్లోనో నొప్పి మొదలై ఉండవచ్చు. తర్వాత లద్దెను విడదీసి చూస్తాను. పీచు వేలెడంత పొడవున నలగకుండా వస్తుంటే దవడ పళ్లు అరిగిపోయాయని అనుమానించాలి. ఏనుగుకు జీవితకాలంలో ఆరు విడతలుగా దవడ పళ్లు వస్తాయి. ఆరో విడత కూడా అరిగిపోతే మేతను మనమే తరిగి పెట్టాలి. ఈ చూపును సంక్రాంతినాడూ ఉగాదినాడూ కూడా తప్పకుండా, నిన్నటికీ నేటికీ తేడా పట్టుకునేంత ఓపికతో చూడగలవా అన్నదే నన్ను అడిగే అబ్బాయిలకు నేను వేసే ఎదురు ప్రశ్న.

అపోహ: వేల ఏళ్లుగా మనుషుల దగ్గర ఉంటున్నది కాబట్టి ఏనుగు కూడా ఆవు, ఎద్దు వంటి పెంపుడు జంతువే.

వాస్తవం: కాదు. ఆవును మనిషి తరతరాలుగా ఎంచి, కట్టించి, తన అవసరానికి తగినట్టు మలుచుకున్నాడు. ఏనుగు విషయంలో అది జరగలేదు. చూలు కాలమే 18 నుంచి 22 నెలలు. మనుషుల దగ్గరున్న ఏనుగుల్లో చాలావాటిని అడవి నుంచి పట్టి తెచ్చారు, లేదా అలా తెచ్చినవాటికి అవి పుట్టాయి. మచ్చికైనదీ అడవి ఏనుగే. చట్టం కూడా దానిని వన్యప్రాణిగానే చూస్తుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఏనుగు మొదటి షెడ్యూలులో ఉంది. యాజమాన్య ధ్రువపత్రం లేకుండా ఎవరూ ఏనుగును ఉంచుకోకూడదు, ఒకరి నుంచి మరొకరికి మార్చాలంటే 2024లో వచ్చిన నియమాలను పాటించాలి.

అందువల్ల ఈ కొలువు దొరికే చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టదగినవే. తిరుపతిలో 1987లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల, దేవస్థానం, చిత్తూరు జిల్లాలో కుప్పం దగ్గరి ననియాల, పలమనేరు దగ్గరి ముసలిమడుగు ఏనుగుల శిబిరాలు. ఇవన్నీ ఒకటే పని అనుకోవడం కూడా పొరపాటే: ప్రదర్శనశాలలో ఆవరణ, ఆరోగ్యం ముఖ్యం, గుడి ఏనుగుకు జనం, డప్పు, బాణసంచా మధ్య నిలకడ ముఖ్యం, శిబిరంలో కుంకీతో, అంటే అడవి ఏనుగులను మళ్లించడానికి తర్ఫీదు ఇచ్చిన ఏనుగుతో, పాటు మీరూ రాత్రిళ్లు మామిడి తోటల్లో, చెరకు మళ్లలో నిలబడవలసి వస్తుంది.

అపోహ: కుంకీలు వచ్చాయి కాబట్టి ఇక అడవి ఏనుగుల బెడద తీరినట్టే, మావటికి పెద్ద పని ఉండదు.

వాస్తవం: చిత్తూరు జిల్లాలోని కౌండిన్య అడవుల్లోకి తమిళనాడు, కర్ణాటక వైపు నుంచి ఏనుగులు 1980లలో వచ్చాయి, 1990లో దానిని అభయారణ్యంగా ప్రకటించారు. 2025 మే నెలలో కర్ణాటక మన రాష్ట్రానికి నాలుగు కుంకీలను ఇచ్చింది. కుంకీ చేసేది పొలంలోకి దిగిన ఏనుగును అడవి వైపు మళ్లించడం. మళ్లినది తిరిగి రాకుండా ఆపేది అడవిలోని మేత, నీరు మాత్రమే. కాబట్టి మావటికి పని తగ్గదు.

అపోహ: అంకుశం, గొలుసు, దెబ్బ లేనిదే ఏనుగు మాట వినదు.

వాస్తవం: నేను ఈ పని నేర్చుకున్న కాలంలో నాకూ ఇలాగే చెప్పారు, నేనూ నమ్మాను. ఇప్పుడు నమ్మడం లేదు. ఏనుగుకూ మనిషికీ మధ్య బలమైన ఇనుప కమ్మీల అడ్డు ఉంచి, చెప్పినది చేసినప్పుడల్లా ఇష్టమైన తిండి పెడుతూ నేర్పే పద్ధతి ఒకటి ఉంది. కర్ర చివరన గుడ్డ చుట్టిన బంతి కట్టి, దానిని ముట్టుకుంటే చెరకు ముక్క. రెండో వారానికి బంతి ఎటు వెళ్తే పాదం అటు వస్తుంది. కమ్మీల సందులోంచి పాదం చాచి దిమ్మె మీద పెట్టడం, చెవి చాచి పట్టడం కూడా ఇలాగే నేర్పవచ్చు. పాదం పెట్టిందా, ఆకురాయితో గోళ్లు అరగదీసి, అరికాలి పగుళ్లలో ఇరుక్కున్న గులకరాళ్లు తీస్తాము. చెవి పట్టిందా, వెనుక నరం నుంచి డాక్టరు నెత్తురు తీసుకుంటారు. నచ్చకపోతే అది పాదం వెనక్కి తీసుకుని వెళ్లిపోవచ్చు. ఆ స్వేచ్ఛ దానికి ఉంది కాబట్టే మళ్లీ వస్తుంది.

గొలుసు పూర్తిగా పోయిందని మాత్రం చెప్పను. జనంలో తిరిగే ఏనుగుకు, మదంలో ఉన్న మగ ఏనుగుకు నేటికీ చాలా చోట్ల అదే ఆధారం. ఎంత పొడవు, ఎన్ని గంటలు, కింద నేల ఎలాంటిది అన్నవి అడిగి తెలుసుకోండి. రోజంతా సిమెంటు నేల మీద కట్టేసి ఉంచే చోట చేరితే, మీరు నేర్చుకునేది వైద్యం చేయలేని పాదాలను చూస్తూ ఉండటమే.

అపోహ: మదం వచ్చినప్పుడే ప్రమాదం, మిగతా కాలమంతా ఏనుగు సాధువు.

వాస్తవం: మదం జబ్బు కాదు, పిచ్చి అంతకంటే కాదు. ఈడొచ్చిన మగ ఏనుగుకు కంటికీ చెవికీ నడుమనున్న గ్రంథి ఉబ్బి, చిక్కటి ద్రవం చెంపల మీదుగా కారుతుంది. మూత్రం బొట్లు బొట్లుగా పడుతుంది. టెస్టోస్టెరాన్ ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఇది వారాల నుంచి నెలల దాకా ఉండవచ్చు. ఆ రోజుల్లో అందరూ జాగ్రత్తగానే ఉంటారు. నాకు దెబ్బ తగిలింది అలాంటి రోజున కాదు.

చేరిన మూడో ఏట, ఒక చోట, యాభై దాటిన ఆడ ఏనుగు దగ్గర పనిచేసేవాణ్ణి. ఎంత నెమ్మదంటే పిల్లలు తొండం పట్టుకుని ఊగేవారు. ఒక మధ్యాహ్నం లద్దె బండి తోసుకుంటూ, ఫోనులో మాట్లాడుతున్నవాణ్ణి కాబట్టి దాన్ని పేరు పెట్టి పిలవకుండా, వెనుక నుంచి వెళ్లాను. ఏనుగుకు నేరుగా వెనుకనున్నది కనిపించదు. బండి చక్రం కీచుమన్న మరుక్షణం అది తిరిగింది. తిరగడంలో దాని తుంటి తగిలి నేను గోడకు కొట్టుకున్నాను. రెండు పక్కటెముకలు విరిగాయి. అది కోపంతో చేసినది కాదు, ఉలిక్కిపడింది, అంతే. నాలుగు వేల కిలోలకు దగ్గరి బరువు ఉలిక్కిపడితే చాలు. ఆ రోజు శాలలో నేను ఒక్కణ్ణే పనిలో ఉన్నాను. రెండో మనిషిని పెట్టమని అంతకుముందే అడిగి ఉన్నాము. అప్పటి నుంచి ఎవరు ఉద్యోగం గురించి అడిగినా, జీతం కంటే ముందు ఆ చోట ఒక్కో పూటకు ఎంతమంది ఉంటారో కనుక్కోమని చెబుతాను. ప్రమాద బీమా కాగితం మీద ఉందా, నోటి మాటేనా అన్నది కూడా. ఎందుకంటే ఈ కొలువుల్లో కాంట్రాక్టువే చాలా ఎక్కువ.

అపోహ: దాని తోలు అంత మందం, దానికి రోగాలేమిటి!

వాస్తవం: వీపు తోలు మందమే గాని దోమ కుడితే తెలుస్తుంది, చెవుల వెనుక చర్మం పలుచన. క్షయ మనిషి నుంచి ఏనుగుకు, ఏనుగు నుంచి మనిషికి సోకుతుంది. అందుకే చేరబోయేవాడికి క్షయ పరీక్ష చేయించాలి, ఏనుగుకూ చేయించాలి: తొండంలోకి ఉప్పునీరు పోసి, తొండం పైకెత్తించి, తిరిగి సంచిలోకి ఊదిస్తారు. మొదటిసారి ఆ నీళ్లు సంచిలోకి రావు, మన ముఖం మీదికి వస్తాయి.

అపోహ: మావటి ఇంట పుట్టాలి, లేదా పెద్ద చదువు ఉండాలి.

వాస్తవం: కర్ణాటక, తమిళనాడు శిబిరాల్లో జేను కురుబ, మలసర్ వంటి గిరిజనుల ఇళ్లలో ఈ విద్య తరాలుగా ఉంది, మన వైపు అంత పాత పరంపర లేదు కాబట్టి వాళ్ల దగ్గర కావడిగా, అంటే మావటికి సహాయకుడిగా, కొంతకాలం ఉండి నేర్చుకోవడమే దారి. "బైఠ్" అంటే కూర్చునే ఏనుగుకు "కూర్చో" అంటే అర్థం కాదు కనుక భాష కూడా వాళ్లదే పట్టాలి. వైద్యుడు కావాలనుకుంటే తిరుపతిలోనే 1955 నాటి పశువైద్య కళాశాల ఉంది, అయిదున్నరేళ్ల చదువు. ఆ చదువు ముగిసినా చేతికి వచ్చేవి ఎక్కువగా ఆవులు, గేదెలు, మేకలే.

అపోహ: బంధించి ఉంచడం తప్పు కాబట్టి మంచి మనసున్నవాళ్లు ఈ పనికి రాకూడదు.

వాస్తవం: బంధించడం తప్పన్న మాటలో న్యాయం ఉంది. ఏనుగులను ప్రదర్శనశాలల నుంచి శిబిరాలకు తరలించాలని కేంద్ర జంతు ప్రదర్శనశాలల ప్రాధికార సంస్థ 2009లోనే నిర్ణయించింది. కాణిపాకంలో చేతులు జోడించే మనమే వీధిలో ఏనుగు తొండం ముందు నాణెం పట్టుకుని ఆశీర్వాదం అడుగుతాము; అది నాకు ఏనాడూ మింగుడుపడలేదు. కానీ ఇప్పటికే మనుషుల మధ్య పెరిగినవాటిలో చాలావాటిని అడవికి పంపినా బతకలేవు, అవి అరవై ఏళ్లు బతుకుతాయి. ఈ సందేహం ఉన్నవాడు వస్తేనే నాకు నచ్చుతుంది. సందేహం లేనివాడు గొలుసు పొడవు అడగడు.

అపోహ: నచ్చకపోతే మానేయవచ్చు.

వాస్తవం: మానేయవచ్చు, కాని చెప్పిన మరునాడే కాదు. కొత్త మనిషి మేత పెడుతుంటే పాతవాడు పక్కన ఉండాలి, తర్వాత నాలుగడుగులు దూరంగా, తర్వాత కంచె అవతల. పైన చెప్పిన ఆ ఆడ ఏనుగును కొత్త మావటికి అప్పగించడానికి నాకు నలభై రోజులు పట్టింది. మొదటి వారం అతని చేతిలోని రాగిముద్దను తీసుకుని నేల మీద పెట్టి, నా వైపు చూసేది. చివరి రోజున నేను కంచె దగ్గర నిలబడి పేరు పెట్టి పిలిచినా, చెవులు ఆడించిందే తప్ప తిరగలేదు. అతని ముందు నోరు తెరిచి నిలబడింది. ఆ మధ్యాహ్నమే తాళాలు ఇచ్చేశాను.