ఉండటానికి ఇల్లు: గృహహింస చట్టం ఎలా వచ్చింది?

మొగుడు కొడుతున్నాడని పోలీస్ స్టేషన్ మెట్లెక్కిన ఆడమనిషి ఆ రాత్రి ఎక్కడ తలదాచుకోవాలి? మన చట్టాలకు ఈ ప్రశ్న చాలాకాలం పట్టలేదు.

1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చినా కట్నాలు ఆగలేదు. 1975లోనే హైదరాబాద్‌లో ప్రగతిశీల మహిళా సంఘం కట్నానికి వ్యతిరేకంగా ఊరేగింపులు తీసింది. తర్వాత ఢిల్లీలో, 'స్టవ్ పేలి' చనిపోయారంటున్న కోడళ్ల కోసం మహిళలు రోడ్డెక్కారు. ఆ ఒత్తిడితోనే 1983 డిసెంబరులో శిక్షాస్మృతిలోకి 498ఏ సెక్షన్ చేరింది. భర్త, అత్తింటివారు పెట్టే హింసకు మూడేళ్ల దాకా జైలు. ఇది పెద్ద అడుగే. కానీ కేసు పెట్టిన మరుక్షణం ఆమెకు ఆ ఇంటి తలుపులు మూసుకుపోయేవి. తిరిగి తెరిపించే దారి 498ఏలో లేదు.

అదే ఏడాది జూలైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ పి.ఎ. చౌదరి ఇచ్చిన తీర్పును ఇక్కడ తలుచుకోవాలి. ఇష్టం లేని భార్యను కాపురానికి వెళ్లమని ఆదేశించే హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమన్నారాయన. తన దేహం మీద నిర్ణయం ఆమెదేనన్నారు. 1984లో సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. అలా కాపురానికి వెళ్లమనే సెక్షన్ మిగిలింది. దెబ్బలు తినకుండా అదే ఇంట్లో ఉండనిచ్చే సెక్షన్ మాత్రం ఇంకో ఇరవై ఏళ్లకు గానీ రాలేదు.

తొంభైలలో న్యాయవాది ఇందిరా జైసింగ్, ఆమె లాయర్ల సంస్థ లాయర్స్ కలెక్టివ్ అలాంటి చట్టం కోసం ముసాయిదా రాశారు. 2002లో ప్రభుత్వం తెచ్చిన బిల్లు మాత్రం 'అలవాటుగా' కొడితేనే హింస అంది. తననో తన ఆస్తినో కాపాడుకోవడానికి కొట్టానని భర్త చెప్పుకునే వీలు కూడా ఇచ్చింది. ఎన్ని దెబ్బలైతే అలవాటు? మహిళా సంఘాలు ఆ బిల్లును ఒప్పుకోలేదు. 2005లో గృహహింస చట్టం వచ్చి, 2006 అక్టోబరు 26 నుంచి అమలైంది. కొట్టడమే కాదు, తిట్టడం, ఖర్చులకు డబ్బివ్వకపోవడం కూడా హింసేనని అది చెప్పింది. పెళ్లి కాకపోయినా భార్యాభర్తల్లా కలిసి బతికిన స్త్రీకీ రక్షణ ఇచ్చింది. దీని ప్రాణమంతా 17వ సెక్షన్లో ఉంది: ఇల్లు ఎవరి పేరున ఉన్నా, అందులో ఉండే హక్కు ఆమెకుంది.

రెండు నెలలైనా కాకముందే సుప్రీంకోర్టు ఆ ప్రాణం మీదే దెబ్బకొట్టింది. అత్తగారి పేరున ఉన్న ఇంట్లో కోడలికి హక్కు లేదంది. మన దగ్గర ఇళ్లు ఎక్కువగా పెద్దవాళ్ల పేరునే ఉంటాయి కదా. ఆ తీర్పు చూపించి ఎందరినో బయటికి పంపారు. 2020 అక్టోబరులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం అది తప్పని తేల్చేసరికి దాదాపు పద్నాలుగేళ్లు గడిచాయి.

2024 జూలై నుంచి 498ఏ స్థానంలో కొత్త శిక్షాస్మృతి అయిన భారతీయ న్యాయ సంహితలోని 85, 86 సెక్షన్లు వచ్చాయి. 2005 చట్టం మాత్రం అలాగే ఉంది. అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని అందులో రాశారు గానీ, కేసులు ఏళ్లు పడుతున్నాయి. ఈ చట్టం కింద బాధితురాలికి సాయపడాల్సిన రక్షణాధికారి బాధ్యతను చాలాచోట్ల వేరే పనులున్న అధికారులకే అప్పగించారు. అందుకే డీవీసీ (గృహహింస కేసు) వేసేటప్పుడే 23వ సెక్షన్ కింద, కేసు తేలేలోపు పనికొచ్చే మధ్యంతర ఉత్తర్వు కూడా అడగాలి. పరిస్థితి తీవ్రంగా ఉంటే, అవతలివాళ్లు కోర్టుకు రాకముందే, ఆమె అఫిడవిట్ చూసి మేజిస్ట్రేట్ ఆ ఉత్తర్వు ఇవ్వొచ్చు.