ఎంఓయూ, ఎన్‌బీఏ, క్రెడిట్లు: ఇంజనీరింగ్ విదేశీ ఒప్పందాల మీద అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. ఎన్‌బీఏ (ఇంజనీరింగ్ కోర్సులకు నాణ్యత గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) ఫైళ్లు, విదేశీ యూనివర్సిటీలకు రాసే మెయిళ్లు కూడా నా టేబుల్ మీదకే వస్తాయి. ఈఏపీసెట్ కౌన్సెలింగ్ మొదలైందంటే టవర్‌క్లాక్ దగ్గర ఫ్లెక్సీల మీద విదేశీ జెండాలు కనిపిస్తాయి. ఆ తర్వాత "సార్, ఫారిన్ టైఅప్ ఉండే కాలేజీలోనే మా పాపను వేసినాము, ఇంక భయం లేదు కదా" అని అడిగే నాన్నలు వస్తారు. శెనక్కాయలు అమ్మిన డబ్బుకు బ్యాంకు లోను కలిపి ఫీజు కడుతున్న మనుషులు వీళ్లు. వీళ్లకు ఎవరో ఒకరు ఉన్నదున్నట్టు చెప్పాలి.

అపోహ: కాలేజీకి విదేశీ యూనివర్సిటీతో ఎంఓయూ ఉంటే అక్కడి డిగ్రీ వస్తుంది.

రాదు. ఎంఓయూ అంటే చాలాసార్లు "మనం కలిసి పని చేద్దాం" అని రెండు వైపులా సంతకం పెట్టుకున్న రెండు మూడు పేజీల కాగితం, అంతే. ఏటా ఎంతమంది విద్యార్థులు వెళ్తారు, ఏ సబ్జెక్టులు చదువుతారు, ఫీజు ఎవరు మాఫీ చేస్తారు అన్నవి అందులో ఉండవు. అవి ఉండేది దాని తర్వాత విడిగా రాసుకునే ఒప్పందంలో. ఆ రెండో కాగితం పుట్టకుండానే గడువు తీరిపోయే ఎంఓయూలు బోలెడు.

డిగ్రీ సంగతికి వస్తే యూజీసీ 2022లో స్పష్టమైన నిబంధనలు పెట్టింది. ట్విన్నింగ్ అయితే డిగ్రీ మన సంస్థదే, క్రెడిట్లలో (సబ్జెక్టులకు లెక్కగట్టే పాయింట్లలో) 30 శాతం వరకు మాత్రం విదేశంలో చదవొచ్చు. జాయింట్ డిగ్రీకి రెండు సంస్థల దగ్గరా కనీసం 30 శాతం చొప్పున చదవాలి, ఇద్దరి పేరుతో ఒకే పట్టా వస్తుంది. డ్యూయల్ డిగ్రీ అయితే రెండు పట్టాలు విడివిడిగా వస్తాయి, కానీ క్రెడిట్లలో కనీసం 30 శాతం ఇక్కడ సంపాదించాల్సిందే. ముందస్తు అనుమతి లేకుండా ఇవి పెట్టుకోవాలంటే మన సంస్థకు కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్‌లో కనీసం 3.01 స్కోరు గానీ, కేంద్రం ర్యాంకులిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ యూనివర్సిటీల జాబితాలో మొదటి 100లో చోటు గానీ, అలాంటి ఇంకో అర్హత గానీ ఉండాలి. అవతలి యూనివర్సిటీ క్యూఎస్ లేదా టైమ్స్ ప్రపంచ ర్యాంకుల్లో మొదటి 500లో ఉండాలి. ఫ్రాంచైజీ పద్ధతికి, ఆన్‌లైన్, దూరవిద్య కోర్సులకు ఇందులో చోటు లేదు.

కాబట్టి అడ్మిషన్ ఆఫీసులో అడగాల్సిన మాట ఇది: "ఇది ట్విన్నింగా, జాయింటా, డ్యూయలా? పట్టా మీద ఎవరి పేరు ఉంటుంది?" దీనికి జవాబుగా బ్రోషర్ చేతిలో పెడితే అక్కడ ఏ డిగ్రీ ఒప్పందమూ లేదనే అనుకోండి.

అపోహ: ఎక్స్‌చేంజ్‌లో (కొన్నాళ్లు అక్కడ చదివి తిరిగొచ్చే పద్ధతిలో) వెళ్తే ఖర్చే ఉండదు.

తప్పేది అక్కడి ట్యూషన్ ఫీజు మాత్రమే. మీ ఫీజు మీ కాలేజీకే కడతారు, అవతలి వాళ్లు మీ దగ్గర తీసుకోరు. విమానం, వీసా, ఇన్సూరెన్స్, గది అద్దె, తిండి మీవే. ఇంకో విషయం చాలామందికి తెలియదు: ఎక్కువ ఎక్స్‌చేంజ్ ఒప్పందాల్లో ఇటు నుంచి ఎంతమంది వెళ్తే అటు నుంచి అంతమంది రావాలని ఉంటుంది. అక్కడి పిల్లలు ఇక్కడికి రాకపోతే మన సీట్లు కూడా తగ్గిపోతాయి.

అపోహ: ఎన్‌బీఏ ఉంటే ప్రపంచమంతా మన బీటెక్ చెల్లుతుంది, వాషింగ్టన్ అకార్డ్ ఉంది కదా.

ఇందులో సగం నిజం ఉంది, అందుకే దీన్ని విడమర్చి చెప్పడం కష్టం. వాషింగ్టన్ అకార్డ్ 1989లో ఆరు దేశాల అక్రెడిటేషన్ (కోర్సులకు గుర్తింపు ఇచ్చే) సంస్థలు రాసుకున్న ఒప్పందం. మన ఎన్‌బీఏ 2014 జూన్‌లో అందులో పూర్తి సభ్యత్వం పొందింది. ఒక సభ్యదేశం గుర్తించిన ఇంజనీరింగ్ కోర్సును మిగతా సభ్యులు తమ కోర్సుకు దాదాపు సమానంగా చూస్తారు.

మెలికలు ఇక్కడే ఉన్నాయి. ఎన్‌బీఏ గుర్తింపు కాలేజీకి రాదు, కోర్సుకు వస్తుంది. సీఎస్‌ఈకి ఉండి పక్క బ్లాకులోని సివిల్‌కు లేకపోవచ్చు. కాలేజీ మొత్తానికి వచ్చేది న్యాక్ గ్రేడు, అది వేరే లెక్క. పైగా ఎన్‌బీఏలో టియర్-1, టియర్-2 అని రెండు ఉన్నాయి. వాషింగ్టన్ అకార్డ్ వర్తించేది టియర్-1కే, అంటే యూనివర్సిటీలు, ఆటానమస్ (సిలబస్ సొంతంగా పెట్టుకునే) కాలేజీల కోర్సులకు. యూనివర్సిటీ సిలబస్‌తో నడిచే మామూలు అఫిలియేటెడ్ కాలేజీలకు వచ్చేది టియర్-2. ఆటానమస్ కాకముందు టియర్-2లో తెచ్చుకున్న గుర్తింపు, ఆటానమస్ రాగానే దానంతటదే టియర్-1 అయిపోదు. గుర్తింపుకు గడువు కూడా ఉంటుంది, మూడేళ్లో ఆరేళ్లో. మీ బ్యాచ్ ఆ గడువు లోపల ఉందో లేదో ఎన్‌బీఏ వెబ్‌సైట్లో చూసుకోండి. కాలేజీ గేటు మీద రాసిన అక్షరాల్లో ఇవేవీ ఉండవు.

మరి లాభమేంటి? ఆస్ట్రేలియా వలసకు స్కిల్ అసెస్‌మెంట్ చేయించుకునే ఇంజనీర్‌కు ఈ గుర్తింపు ఉంటే దారి సులువవుతుంది. లేకపోతే తన పని గురించి మూడు కెరీర్ ఎపిసోడ్లతో (ఒక్కో పనిలో తాను చేసిందేమిటో చెప్పే వ్యాసాలతో) పెద్ద రిపోర్టు రాసుకోవాలి. అదే జర్మనీ అయితే వాషింగ్టన్ అకార్డ్‌లో సభ్యదేశమే కాదు. అక్కడ చూసేది అనాబిన్ అనే డేటాబేస్‌లో మీ యూనివర్సిటీకి ఉన్న స్థాయి, ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు కాగితాలు అసలైనవేనని పరిశీలించి ఇచ్చేది). మన విద్యార్థులకు ఏపీఎస్ 2022 నవంబరు నుంచి తప్పనిసరి. ఇక ఏ దేశంలోనైనా వీసా, సీటు, ఉద్యోగం ఇస్తానని అకార్డ్ ఎక్కడా చెప్పలేదు.

అపోహ: క్రెడిట్లు బ్యాంకు బ్యాలెన్సు లాగా అటూ ఇటూ మారిపోతాయి.

నేను ఎక్కువ సమయం పెట్టేది దీని మీదే. ఇదొక్కటి పిల్లలకు మొదటి సంవత్సరంలోనే అర్థమైతే సగం టెన్షన్ తగ్గుతుంది.

మన దగ్గర ఒక క్రెడిట్ అంటే సెమిస్టర్ అంతా వారానికి ఒక గంట క్లాసు, ల్యాబ్ అయితే రెండు గంటలు. సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ 2018లో ఇచ్చిన మోడల్ సిలబస్ ప్రకారం బీటెక్ మొత్తం 160 క్రెడిట్లు. యూరప్ ఈసీటీఎస్ పద్ధతిలో లెక్క క్లాసు గంటలది కాదు, విద్యార్థి పడే మొత్తం శ్రమది: క్లాసు, ఇంటి దగ్గర చదువు, రిపోర్టు, పరీక్ష ప్రిపరేషన్ అన్నీ కలిపి 25 నుంచి 30 గంటలు ఒక క్రెడిట్. ఏడాదికి 60, నాలుగేళ్లకు 240. అందుకే కొందరు మన ఒక క్రెడిట్‌ను ఒకటిన్నరగా లెక్కేస్తారు. కానీ అవతలి ప్రొఫెసర్ ఆ గుణకారం ఒక్కటే చూసి ఊరుకోడు, సబ్జెక్టు లోపల ఏముందో చూస్తాడు. మాస్టర్స్‌కు గణితంలో ఇన్ని, కంట్రోల్ సిస్టమ్స్‌లో ఇన్ని క్రెడిట్లు ఉండాలని పెట్టే యూనివర్సిటీలు ఉన్నాయి. మన మెమోలో 'ఎం-3' అని మాత్రమే ఉంటే అది ఏ గణితమో ఆయనకు ఎలా తెలుస్తుంది?

అందుకని సీఎంఎం (మొత్తం మార్కుల మెమో), పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) ఎంత జాగ్రత్తగా దాచుకుంటారో మీ రెగ్యులేషన్ సిలబస్ బుక్ కూడా అంతే జాగ్రత్తగా పెట్టుకోండి. జేఎన్‌టీయూఏలో (అనంతపురం జేఎన్‌టీయూలో) 2015 రెగ్యులేషన్ అయిన ఆర్15 వేరు, ఆర్19 వేరు, ఆర్20 వేరు, ఆర్23 వేరు. నాలుగేళ్ల తర్వాత పాత సిలబస్ కోసం తిరగడం ఎంత నరకమో తిరిగిన వాళ్లకు తెలుసు.

మార్కుల దగ్గరా ఇదే గొడవ. జర్మనీలో 1 అంటే అత్యుత్తమం, 4 అంటే బొటాబొటీ పాస్. మన సీజీపీఏను మార్చే సూత్రంలో గరిష్ఠ మార్కు, కనీస పాస్ మార్కు రెండూ ఉంటాయి. 10కి 8 వచ్చిన విద్యార్థికి కనీస పాస్ 4 అని తీసుకుంటే 2.0 వస్తుంది, 5 అని తీసుకుంటే 2.2. కొన్ని కోర్సుల్లో సీటు వచ్చేదీ పోయేదీ ఆ 0.2 దగ్గరే. కాబట్టి మీ రెగ్యులేషన్‌లో కనీస పాస్ గ్రేడ్ పాయింటు ఎంతో తెలిపే అధికారిక కాగితం దగ్గర పెట్టుకోండి.

అపోహ: విదేశాల్లో అంతా ప్రాక్టికల్, మన దగ్గర అంతా బట్టీ.

విదేశం అంటే ఒకే పద్ధతి కాదు. ఫ్రాన్స్‌లో ఇంజనీరింగ్ స్కూల్‌కు వెళ్లేముందు రెండేళ్ల ప్రిపరేటరీ క్లాసుల్లో గణితం, భౌతికశాస్త్రం తోమేస్తారు, మన ఇంటర్ కోచింగ్‌కు ఏమీ తీసిపోదు. డెన్మార్క్‌లోని ఆల్‌బోర్గ్ యూనివర్సిటీ 1974లో పుట్టినప్పటి నుంచీ జట్లుగా ప్రాజెక్టులు చేయించే పద్ధతిలోనే నడుస్తోంది. జర్మనీలో టెక్నికల్ యూనివర్సిటీలు పరిశోధన వైపు మొగ్గుతాయి. హెచ్‌ఏడబ్ల్యూలు అనే అప్లైడ్ సైన్సెస్ యూనివర్సిటీల్లో ప్రొఫెసర్ కావాలంటే కనీసం ఐదేళ్ల వృత్తి అనుభవం, అందులో మూడేళ్లు యూనివర్సిటీ బయట ఉండాలి. కియా లాంటి ఫ్యాక్టరీలో పని చేయాలనుకునే మెకానికల్ పిల్లలకు ఆ రెండో రకమే బాగా కుదురుతుందని నా నమ్మకం. ర్యాంకు లేదని కన్సల్టెన్సీ వాళ్లు వాటిని పక్కన పెట్టేస్తుంటే బాధేస్తుంది.

నిజంగా పని చేసిన భాగస్వామ్యం ఎలా ఉంటుందో మన దేశంలోనే చూడొచ్చు. ఐఐటీ కాన్పూర్‌తో తొమ్మిది అమెరికన్ సంస్థలు 1962 నుంచి 1972 దాకా పదేళ్లు పని చేశాయి. అక్కడి ప్రొఫెసర్లు వచ్చి ఇక్కడ ఉన్నారు, ఇక్కడివాళ్లు అక్కడికి వెళ్లారు, ల్యాబ్‌లు లేచాయి, 1963లోనే ఐబీఎం 1620 కంప్యూటర్ వచ్చింది. ఐఐటీ మద్రాస్ 1959లో జర్మనీ సాయంతో మొదలైంది. అన్నేళ్లు టీచర్లు వచ్చిపోతూ ఉంటేనే అది జరిగింది. ఒక గెస్ట్ లెక్చర్, ఒక శాలువా, ఒక ఫొటోతో అయ్యే పని కాదు.

అపోహ: జర్మనీలో చదువు ఫ్రీ.

చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు ఇప్పటికీ లేదు. కానీ బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం 2017 నుంచి యూరప్ బయటివాళ్ల దగ్గర సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటోంది. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ 2024 శీతాకాలం సెమిస్టర్ నుంచి కొత్తగా చేరే మాస్టర్స్ విద్యార్థులకు సెమిస్టర్‌కు 4,000 నుంచి 6,000 యూరోలు పెట్టింది. ఇవి కాక, వీసాకు బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు చూపించాలి. ఆ డబ్బు మీదే, నెల నెలా మీకే వస్తుంది, అయినా ముందు సమకూర్చుకోవాలి కదా.

అపోహ: మా కాలేజీకి టైఅప్ లేదు, కాబట్టి నాకు దారి లేదు.

కర్నూలు, కడప నుంచి కూడా పిల్లలు ఫోన్ చేసి ఈ మాటే అంటారు. యూరప్‌లో కొన్ని యూనివర్సిటీలు కలిసి నడిపే ఎరాస్మస్ ముండుస్ జాయింట్ మాస్టర్స్‌కు నేరుగా ఆ యూనివర్సిటీల బృందానికే దరఖాస్తు పెట్టుకోవాలి, మీ కాలేజీ ఎంఓయూతో దానికి సంబంధం లేదు. స్కాలర్‌షిప్ వస్తే నెలకు 1,400 యూరోలు, ఫీజు ఉండదు. రెండు మూడు దేశాల్లో చదువు. ఫైనలియర్ మొదట్లోనే చూసుకోవాలి, చాలా కోర్సులకు గడువు సంక్రాంతి అటూ ఇటూగా ముగిసిపోతుంది.

అపోహ: మనం తీసుకోవడమే గానీ వాళ్లకు ఇచ్చేదేముంది?

నాకు బాగా కోపం వచ్చేది ఈ మాటకే. కర్నూలు దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్క్ ఉంది. ప్యానెళ్ల మీద దుమ్ము పేరుకుంటే కరెంటు ఎంత తగ్గుతుందో, నీళ్లు తక్కువున్న చోట వాటిని ఎలా కడగాలో యూరప్ క్లాస్‌రూమ్‌లో కూర్చొని తేల్చలేరు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర వాన పడే అనంతపురంలో బోర్లు, డ్రిప్, చెరువుల మీద చేయగలిగిన సివిల్, ఎలక్ట్రానిక్స్ ప్రాజెక్టులు వాళ్ల విద్యార్థులకు కూడా నిజమైన సమస్యలే.

ఎక్స్‌చేంజ్ సీట్లు నిలవాలంటే అటు నుంచి ఎవరైనా రావాలని పైన చెప్పాను కదా. ఒక పిల్లోడు ఆరు నెలలు ఇక్కడికి రావాలంటే అతని యూనివర్సిటీ ఒప్పుకునే సబ్జెక్టు, ల్యాబ్, గైడ్, ఉండేందుకు శుభ్రమైన హాస్టల్ గది మనం చూపించాలి. అంత పెద్దది ఇప్పుడే కుదరకపోతే ఒక్క ఫైనలియర్ ప్రాజెక్టుతో మొదలు పెట్టొచ్చు. రెండు కాలేజీల నుంచి ఇద్దరేసి విద్యార్థులు, ఇటు ఒక గైడ్, అటు ఒక గైడ్, వారానికి ఒక వీడియో కాల్, మన ఊరి డేటా, ఇద్దరి సిలబస్‌లోనూ దానికి క్రెడిట్లు. దీనికి ఫ్లెక్సీ అక్కర్లేదు, రెండు డిపార్ట్‌మెంట్ల హెడ్‌లు ఒప్పుకుంటే వచ్చే సెమిస్టర్‌లోనే మొదలవుతుంది.